సి. డిఫిసిల్ పదేపదే తిరగబెట్టిన కేసు: పేగులో కొరవడిందేమిటి?

సి. డిఫిసిల్ అంటే పేగులో పెరిగి విరేచనాలు తెప్పించే ఒక బ్యాక్టీరియా. ఈ కేసులో రోగి 64 ఏళ్ల రిటైర్డ్ టీచరు. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను. నేను డాక్టర్ని కాను, పేగు బ్యాక్టీరియా మీద పనిచేసే బయాలజీ ప్రొఫెసర్ని. మా ల్యాబ్ గ్యాస్ట్రో విభాగంతో కలిసి పనిచేస్తుంది. వైద్యం వాళ్లు చూస్తారు. మల నమూనాలో ఏ సూక్ష్మజీవులున్నాయి, అవి ఏ పదార్థాలు తయారుచేస్తున్నాయి అన్నది మేం చూస్తాం.

ఈ కేసు గురించి రాయాలనిపించడానికి కారణం ఒకటే. ఒకే మనిషి మలంలో, ఒకే బ్యాక్టీరియా, కొన్ని నెలల తేడాతో దొరికింది. ముందు అది ఆమెను మంచాన పడేసింది. తర్వాత దొరికినప్పుడు దాని జోలికి వెళ్లకపోవడమే సరైన వైద్యమైంది. రిపోర్టులో రెండుసార్లూ ఉన్నది ‘పాజిటివ్’ అన్న మాటే. ఆ మాట ఒక్కటే చూసి మందు రాస్తే ఏమవుతుందో ఇలాంటి రోగులు అనుభవిస్తున్నారు కాబట్టి దీన్ని వివరంగా చెప్పుకోవాలి.

జబ్బు మొదలైన తీరు

పంటి ఇన్‌ఫెక్షన్‌కి ఆమె వారం రోజులు క్లిండమైసిన్ అనే యాంటీబయాటిక్ వాడారు. గ్యాస్ ట్రబుల్‌కని ఎప్పుడో రాసిన, కడుపులో యాసిడ్ తగ్గించే ఒమెప్రజోల్ ఏళ్ల తరబడి కొనసాగుతూనే ఉంది. ఇంకే పెద్ద జబ్బూ లేదు. క్లిండమైసిన్ కోర్సు ముగిసిన పది రోజులకు నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. రోజుకు ఎనిమిది, పదిసార్లు. రాత్రి నిద్రలోంచి కూడా లేచి పరుగెత్తాల్సి వచ్చేది. పొత్తికడుపులో మెలిపెట్టే నొప్పి, కొద్దిపాటి జ్వరం. ఏదో పడని తిండి తిన్నారనుకుని ఇంట్లోవాళ్లు మోషన్స్ ఆగే మాత్రలు ఇచ్చారు. ఆగలేదు. యాంటీబయాటిక్ వాడిన తర్వాత ఇలాంటి విరేచనాలు వస్తే కారణం తేలకుండా ఆ మాత్రలు వేసుకోకపోవడమే మంచిది. పేగులో విషం ఉన్నప్పుడు దాన్ని లోపలే నిలవ ఉంచినట్టవుతుంది.

గ్యాస్ట్రో డాక్టరుగారు మొదట అడిగిన ప్రశ్న, “ఈ మధ్య యాంటీబయాటిక్ ఏమైనా వాడారా అమ్మా?” క్లిండమైసిన్ పేరు వినగానే ఆవిడకు అనుమానం వచ్చింది. మల పరీక్షలో ఈ బ్యాక్టీరియా తయారుచేసే జీడీహెచ్ ఎంజైమ్ పాజిటివ్, టాక్సిన్ (విషం) కూడా పాజిటివ్. అంటే క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్, వాడుకలో సి. డిఫిసిల్, పేగులో ఉండటమే కాదు, విషం కూడా వదులుతోంది. తెల్ల రక్తకణాలు 13,800, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 0.9. తెల్ల కణాలు 15,000 దాటినా, క్రియాటినిన్ 1.5 దాటినా తీవ్రమైన కేసుగా లెక్కిస్తారు. ఈమెది ఆ హద్దుకు లోపలే ఉంది.

వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ 125 మిల్లీగ్రాములు రోజుకు నాలుగుసార్లు, పది రోజులు ఇచ్చారు. నాలుగో రోజుకే విరేచనాలు తగ్గాయి. కోర్సు అయిన రెండు వారాలకు అంతా మళ్లీ మొదలైంది. ఈసారి వాంకోమైసిన్‌నే కొన్ని వారాల పాటు మోతాదు తగ్గిస్తూ, చివర్లో రెండు మూడు రోజులకొకసారి ఇస్తూ ఆపారు. మందు నడిచినంత కాలం బాగానే ఉన్నారు. ఆపిన మూడు వారాలకు మూడోసారి పట్టుకుంది. అప్పటికి ఏడు కిలోల బరువు తగ్గారు.

నన్ను పిలిచింది అప్పుడే. వార్డులో ఆమె నాతో అన్న మాట ఇది: “తిండి చూస్తేనే భయమేస్తోంది ప్రొఫెసర్‌గారూ. తింటే బాత్రూమ్‌కి పరుగు, తినకపోతే నిలబడే ఓపిక ఉండదు. మందు వేసుకున్నన్నాళ్లూ మనిషిని, ఆపితే రోగిని.” ఆమె చెప్పిన ఆఖరి వాక్యంలోనే ఈ జబ్బు తీరు మొత్తం ఉంది. మందు పనిచేస్తోంది, కానీ మందు ఆపగానే జబ్బు తిరిగి రావడానికి కావలసినవన్నీ ఆ పేగులో అలాగే ఉన్నాయి. అదెలాగో చూడాలంటే పేగు లోపలి పనుల గురించి కాస్త తెలియాలి.

అసలు పేగులో ఏం జరుగుతుంది

మన ఒంట్లో బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు ఉంటాయని 2016లో వేసిన అంచనా. మన సొంత కణాలు దాదాపు 30 లక్షల కోట్లు. ఆ బ్యాక్టీరియాలో అత్యధిక భాగం ఉండేది పెద్దపేగులోనే. వాటిలో ఎన్ని జాతులున్నాయన్న లెక్క కంటే అవి చేసే పనులే ముఖ్యమని నా నమ్మకం. ఈ కేసుకు సంబంధించినవి రెండు పనులు.

మొదటిది పిత్త ఆమ్లాలది. కాలేయం కోలిక్ ఆమ్లం లాంటి పిత్త ఆమ్లాలను తయారుచేసి, వాటికి టారిన్‌నో గ్లైసిన్‌నో తగిలించి చిన్నపేగులోకి పంపుతుంది. కొవ్వు అరిగించే పని అయ్యాక వాటిలో చాలా భాగాన్ని చిన్నపేగు చివర్లో శరీరం తిరిగి పీల్చుకుంటుంది. మిగిలిన కొద్ది భాగం పెద్దపేగులోకి జారుతుంది. అక్కడ చాలా రకాల బ్యాక్టీరియా ముందు ఆ టారిన్, గ్లైసిన్ ముక్కల్ని తెంపేస్తాయి. తర్వాతి పని మాత్రం కొద్ది జాతులకే చేతనవును. క్లాస్ట్రిడియం సిండెన్స్ వాటిలో ఒకటి. అది కోలిక్ ఆమ్లం నుంచి ఒక హైడ్రాక్సిల్ గుంపును (ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ ఉన్న ముక్కను) తీసేసి డీఆక్సీకోలిక్ ఆమ్లంగా మారుస్తుంది.

సి. డిఫిసిల్ జీవితం ఈ రసాయనాల మీదే ఆధారపడి ఉంది. బయటి నుంచి మన నోట్లోకి వచ్చేటప్పుడు అది గట్టి పెంకు ఉన్న స్పోర్ రూపంలో ఉంటుంది. కడుపులోని యాసిడ్‌కు చావదు. యాంటీబయాటిక్‌కు చావదు, చేతికి రాసుకునే ఆల్కహాల్ శానిటైజర్‌కూ చావదు. ఆ స్పోర్ మొలకెత్తడానికి సంకేతం టారోకోలేట్, అంటే టారిన్ తగిలించి ఉన్న పిత్త ఆమ్లం, దానికి తోడుగా గ్లైసిన్. మొలకెత్తాక పెరగనివ్వకుండా ఆపేది డీఆక్సీకోలిక్ ఆమ్లం. ఆరోగ్యంగా ఉన్న పెద్దపేగులో మొదటిది తక్కువ, రెండోది ఎక్కువ. స్పోర్ వచ్చినా మొలవడం కష్టం, మొలిచినా బతకడం కష్టం. క్లాస్ట్రిడియం సిండెన్స్‌ను ఎక్కించిన ఎలుకల్లో సి. డిఫిసిల్‌ను ఎదుర్కొనే శక్తి పెరిగిందని 2015లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపించింది. ఆ పేపరు మా రంగంలో చాలామంది ఆలోచనను మార్చింది.

రెండో పని బ్యూటిరేట్ తయారీ. మనం అరిగించుకోలేని పీచును ఫీకాలిబాక్టీరియం, రోజ్‌బూరియా లాంటివి పులియబెట్టి బ్యూటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాన్ని ఇస్తాయి. పెద్దపేగు లోపలి పొరలోని కణాలకు ప్రధానమైన ఇంధనం అదే. ఒంట్లోని చాలా కణాల్లా అవి గ్లూకోజ్ మీద ప్రధానంగా ఆధారపడవు. బ్యూటిరేట్‌ను కాల్చేటప్పుడు ఆ కణాలు ఆక్సిజన్‌ను బాగా వాడేసుకుంటాయి. అందుకే పేగు లోపలికి ఆక్సిజన్ చేరదు, ఆక్సిజన్ సహించని మేలు చేసే జాతులు అక్కడ హాయిగా బతుకుతాయి. ఇది ఒకరినొకరు నిలబెట్టుకునే ఏర్పాటు. బ్యూటిరేట్ ఆగిపోతే కణాలు గ్లూకోజ్ వైపు మళ్లుతాయి. వాడకుండా మిగిలిన ఆక్సిజన్ పేగులోకి చేరుతుంది. దాన్ని వాడుకోగల ఈ. కోలి, క్లెబ్సియెల్లా లాంటివి విపరీతంగా పెరుగుతాయి. ఒక్కసారి ఈ పరిస్థితి వచ్చాక మేలు చేసే జాతులు వాటంతట అవి తిరిగి రావడానికి చాలా కాలం పడుతుంది. కొన్ని అసలు రావు.

ఇప్పుడు వాంకోమైసిన్ సంగతి. నోటి ద్వారా ఇస్తే అది రక్తంలోకి పెద్దగా వెళ్లదు, మొత్తం పేగులోనే ఉంటుంది. సి. డిఫిసిల్‌ను చంపడానికి అది మంచిదే. కానీ క్లాస్ట్రిడియం సిండెన్స్, ఫీకాలిబాక్టీరియం కూడా అదే మందుకు చచ్చే రకాలు. ఈమెకు క్లిండమైసిన్ చేసిన నష్టం పూడకముందే వారాల తరబడి వాంకోమైసిన్ వెళ్లింది. స్పోర్లు మాత్రం చెక్కుచెదరలేదు. మందు ఆపిన రోజు నుంచి అక్కడ పోటీ లేదు, అడ్డూ లేదు. మొదటిసారి చికిత్స అయిన వాళ్లలో ఐదుగురిలో ఒకరికి లేదా నలుగురిలో ఒకరికి జబ్బు తిరగబెడుతుంది. ఒకసారి తిరగబెట్టిన వాళ్లలో మళ్లీ వచ్చే అవకాశం అంతకంటే బాగా ఎక్కువ.

మా ల్యాబ్‌లో కనబడినది

మూడో దఫా మందు మొదలుపెట్టే ముందు తీసిన నమూనాను, జన్యువును చదివి బ్యాక్టీరియా రకాలు గుర్తించే 16ఎస్ సీక్వెన్సింగ్‌తో చూశాం. సగానికి పైగా ఈ. కోలి కుటుంబమే. ఫీకాలిబాక్టీరియం జాడ లేదు. పెద్దపేగులో మామూలుగా బాగా ఉండే బ్యాక్టీరాయిడిస్ నామమాత్రం. పిత్త ఆమ్లాల విశ్లేషణలో టారోకోలేట్ బాగా ఎక్కువ, డీఆక్సీకోలిక్ ఆమ్లం పరికరం పట్టుకోగల కనీస స్థాయికి కూడా చేరలేదు. బ్యూటిరేట్ చాలా తక్కువ. స్పోర్ మొలకెత్తడానికి ఇంతకంటే అనువైన చోటు ఉండదు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఇవి పరిశోధన కోసం చేసిన పరీక్షలు. వీటి మీద ఆధారపడి ఎవరూ వైద్యం నిర్ణయించలేదు, నిర్ణయించకూడదు కూడా. పేగు బ్యాక్టీరియా రిపోర్టులు డబ్బు కట్టి చేయించుకుని, అందులో ‘మంచి బ్యాక్టీరియా తక్కువ’ అని చదివి టెన్షన్ పడే వాళ్లు నాకు తరచూ రాస్తుంటారు. ఆరోగ్యంగా ఉన్న ఇద్దరి మధ్యే బోలెడంత తేడా ఉంటుంది. ఇది సరైనది, ఇది కాదు అని గీత గీసే ప్రమాణం ఇంకా లేదు. ఈమె విషయంలో జబ్బును తేల్చింది లక్షణాలు, టాక్సిన్ పరీక్ష, మూడుసార్లు జబ్బు పట్టుకున్న చరిత్ర. మా నమూనాలు చేసిందల్లా ఎందుకు తిరుగుతోందో చూపించడం.

ఆమె కూతురు ఒక సంచి నిండా ప్రోబయోటిక్ క్యాప్సూల్స్ తెచ్చి చూపించింది. “ఇవన్నీ వాడుతూనే ఉన్నాం సర్. మంచి బ్యాక్టీరియా పెరగాలి కదా?” అని అడిగింది. చాలా సహజమైన ప్రశ్న. ఆ క్యాప్సూల్స్‌లో ఉండేవి ఎక్కువగా లాక్టోబాసిల్లస్, బిఫిడోబాక్టీరియం రకాలు. అవి డీఆక్సీకోలిక్ ఆమ్లాన్ని తయారుచేయలేవు, పేగులో ఖాళీ అయిన పని వాటిది కాదు. పైగా 2018లో సెల్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో, యాంటీబయాటిక్ వాడిన ఆరోగ్యవంతులకు ప్రోబయోటిక్ ఇస్తే వాళ్ల సొంత బ్యాక్టీరియా తిరిగి రావడం ఆలస్యమైంది. ముందే దాచిపెట్టిన వాళ్ల సొంత మలాన్ని తిరిగి ఇచ్చినవాళ్లలో మాత్రం కొద్ది రోజుల్లోనే కోలుకుంది. సి. డిఫిసిల్ చికిత్సలో ప్రోబయోటిక్స్‌ను క్లినికల్ ట్రయల్స్‌లో తప్ప వాడొద్దని అమెరికన్ గ్యాస్ట్రోఎంటరాలజీ అసోసియేషన్ 2020లో చెప్పింది. ఆ క్యాప్సూల్స్ ఆపేశారు. అవసరం లేదని తేలాక ఒమెప్రజోల్ కూడా ఆపారు.

చికిత్స

మూడో దఫాను ఫిడాక్సోమైసిన్‌తో అదుపులోకి తెచ్చారు. ఇదీ యాంటీబయాటికే, 200 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, పది రోజులు. ఈ మందు గురి చిన్నది, బ్యాక్టీరాయిడిస్‌ను చాలావరకు వదిలేస్తుంది. 2011లో వచ్చిన ట్రయల్‌లో దీన్ని వాడినవాళ్లలో 15 శాతం మందికి తిరగబెడితే, వాంకోమైసిన్ వాడినవాళ్లలో 25 శాతం మందికి తిరగబెట్టింది. కానీ ఈమె పేగులో కాపాడుకోవడానికి మిగిలిందే తక్కువ. అందుకని ఆరోగ్యవంతుడైన దాత మలంలోని బ్యాక్టీరియాను ఎక్కించాలని గ్యాస్ట్రో బృందం నిర్ణయించింది. మల మార్పిడి అంటారు దీన్ని.

ఇది వినగానే చాలామంది ముఖం చిట్లిస్తారు. ఈమె మాత్రం, “పోయినవాటిని తిరిగి పెడతారు, అంతేగా?” అన్నారు. అంతే. 1958లో డెన్వర్‌లో బెన్ ఐజ్‌మన్ అనే సర్జన్, ఆయన సహచరులు నలుగురు రోగులకు ఎనిమా ద్వారా, అంటే మలద్వారం గుండా ద్రవం ఎక్కించి, ఈ పని చేశారు. అప్పటికి సి. డిఫిసిల్ ఈ జబ్బుకు కారణమని ఎవరికీ తెలియదు. అది తేలింది 1978లో. 2013లో నెదర్లాండ్స్‌లో జరిగిన ట్రయల్‌లో మల మార్పిడి చేసిన 16 మందిలో 13 మందికి మొదటిసారికే నయమైంది. మిగిలిన ముగ్గురిలో ఇద్దరికి రెండోసారికి తగ్గింది. వాంకోమైసిన్ మాత్రమే ఇచ్చిన 13 మందిలో నయమైంది నలుగురికే. తేడా అంత స్పష్టంగా ఉండేసరికి ట్రయల్‌ను మధ్యలోనే ఆపేశారు.

ఇందులో ప్రమాదం లేదని చెప్పను. 2019లో అమెరికాలో మందులకు లొంగని ఈ. కోలి దాత మలం ద్వారా వెళ్లి ఒక రోగి చనిపోయారు. అప్పటి నుంచి దాతల పరీక్షలు ఇంకా కఠినమయ్యాయి. మా దాతకు హెచ్‌ఐవీ, హెపటైటిస్, సిఫిలిస్ రక్త పరీక్షలు, పరాన్నజీవులకు, మొండి బ్యాక్టీరియాకు మల పరీక్షలు చేశారు. ఈ మధ్య యాంటీబయాటిక్ వాడారా, ప్రయాణాలు, బరువు, కుటుంబ చరిత్ర, అన్నీ అడిగారు. ఇంట్లో తెలిసినవాళ్ల మలంతో, ఇంటర్నెట్‌లో చదివి సొంతంగా ఈ పని చేసుకునేవాళ్లు ఉన్నారు. దయచేసి చేయొద్దు. చూడ్డానికి ఆరోగ్యంగా ఉండటం వేరు, పరీక్షల్లో నెగ్గడం వేరు. ముందుకొచ్చిన దాతల్లో ఎక్కువమంది పరీక్షల దగ్గరే ఆగిపోతారు.

ఫిడాక్సోమైసిన్ ఆపిన రెండో రోజు కొలనోస్కోపీ చేసి, పేగు పూత, క్రోన్స్ లాంటి పేగు వాపు జబ్బులు లేవని చూసుకుని, అదే గొట్టం ద్వారా దాత ద్రావణాన్ని పెద్దపేగు మొదట్లోకి వదిలారు. వారంలోపే మలం గట్టిపడింది. ఇంట్లో బాత్రూమ్‌ను బ్లీచ్ ద్రావణంతో కడిగించారు, చేతులు సబ్బుతో పారే నీళ్ల కింద కడుక్కోమని అందరికీ చెప్పారు.

రెండో వారం నమూనాలోనే డీఆక్సీకోలిక్ ఆమ్లం కనిపించింది. ఎనిమిదో వారానికి టారోకోలేట్ దాదాపు మాయమైంది, ఫీకాలిబాక్టీరియం వచ్చి కూర్చుంది, ఈ. కోలి కుటుంబం చిన్న భాగానికి తగ్గింది. బ్యూటిరేట్ ఆలస్యంగా పెరిగింది. దానికి కారణం తిండే. భయంతో ఆమె పీచు లేని మెత్తటి పదార్థాలే తింటున్నారు. దాత బ్యాక్టీరియా వచ్చినా వాటికి మేత లేదు. డైటీషియన్ కూరగాయలు, కాయధాన్యాలు కొద్దికొద్దిగా పెంచుతూ పోయాక బ్యూటిరేట్ కూడా దారిలో పడింది.

మళ్లీ ‘పాజిటివ్’

మూడో నెలలో కూతురు ఫోన్ చేసింది. గొంతులో వణుకు. “సర్, అమ్మకు మళ్లీ మొదలైంది. ఇక్కడ దగ్గర్లో పరీక్ష చేయిస్తే పాజిటివ్ వచ్చింది. వాంకోమైసిన్ రాశారు. ఇవాళే మొదలుపెట్టమన్నారు.”

నేను రిపోర్టును గ్యాస్ట్రో డాక్టరుగారికి పంపాను. చేసింది పీసీఆర్. టాక్సిన్ జన్యువు ఉందా లేదా అన్నదే అది చెబుతుంది. ఆ జన్యువు ఉన్న బ్యాక్టీరియా విషం తయారుచేస్తోందా, జబ్బుకు కారణం అదేనా అన్నది చెప్పదు. 1935లో ఈ బ్యాక్టీరియాను మొట్టమొదట గుర్తించింది పసిబిడ్డల మలంలో. ఇప్పటికీ ఎంతోమంది శిశువులు, విషం తయారుచేయగల రకాలతో సహా, దాన్ని ఏ జబ్బూ లేకుండా మోస్తారు. పెద్దవాళ్లలోనూ, అందులోనూ ఈమధ్యే జబ్బుపడి లేచినవాళ్లలో, స్పోర్లు వారాల తరబడి ఉండిపోతాయి. అందుకే నయమైందో లేదో చూడటానికని మళ్లీ పరీక్ష చేయొద్దని మార్గదర్శకాలు చెబుతాయి.

డాక్టరుగారు అదే రోజు ఆమెను పిలిపించి ఓపిగ్గా అడిగారు. రోజుకు మూడు, నాలుగు సార్లు. ఎక్కువగా తిన్న వెంటనే. రాత్రి నిద్రలో లేవడం లేదు. జ్వరం లేదు. బరువు పెరుగుతోంది. మలం మెత్తగా ఉంది, నీళ్లలా లేదు. మొదటి మూడు దఫాల తీరు ఇది కాదు. తెల్ల కణాలు మామూలే. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ మామూలే, అంటే పేగులో వాపు లేదు. టాక్సిన్ పరీక్ష నెగిటివ్. మా ల్యాబ్ నమూనాలో డీఆక్సీకోలిక్ ఆమ్లం ఎనిమిదో వారంలో ఉన్నంతా ఉంది. స్పోర్లు ఉన్నాయి, కానీ అవి మొలిచి పెరిగే పరిస్థితి అక్కడ లేదు.

ఇన్‌ఫెక్షన్ తర్వాత మిగిలిపోయే ఐబీఎస్ (పేగు అతిగా స్పందించే సమస్య) అని నిర్ధారించారు. సి. డిఫిసిల్ నుంచి కోలుకున్నవాళ్లలో సుమారు నలుగురిలో ఒకరికి ఇది వస్తుంది. పేగు నరాలు కొంతకాలం అతిగా స్పందిస్తాయి. బాధ నిజమైనదే, కానీ దానికి వాంకోమైసిన్ మందు కాదు. ఆ రోజు ఆ మాత్రలు మొదలుపెట్టి ఉంటే రెండు వారాల్లో దాత బ్యాక్టీరియా చాలావరకు తుడిచిపెట్టుకుపోయేది.

రోగిని ఒప్పించడం తేలిక కాలేదు. మూడుసార్లు దెబ్బతిన్న మనిషికి ‘పాజిటివ్ ఉన్నా మందు వద్దు’ అంటే ఎలా నమ్మకం కుదురుతుంది? డాక్టరుగారు మూడు హెచ్చరికలు రాసిచ్చారు: రాత్రి నిద్రలోంచి లేపే విరేచనాలు, జ్వరం, వరసగా రెండు రోజులు నీళ్లలాంటి విరేచనాలు. వీటిలో ఏది కనిపించినా ఏ వేళలోనైనా ఫోన్ చేయమన్నారు. కరిగే పీచు కొద్దిగా పెంచి, ఒక్కసారే ఎక్కువ తినకుండా విడతలుగా తినమన్నారు. నేను రెండు నమూనాల పిత్త ఆమ్లాల గ్రాఫులు పక్కపక్కన పెట్టి చూపించాను. జీవితమంతా పిల్లలకు పాఠాలు చెప్పినావిడ కదా, గ్రాఫు చూడగానే ఆమెకు ధైర్యం వచ్చింది. “అయితే పురుగు ఉన్నా దాని ఆటలు సాగవన్నమాట” అన్నారు. నాలుగైదు నెలల్లో క్రమంగా సర్దుకుంది. ఆ మధ్యలో ఫోన్ చేసే అవసరం రాలేదు.

ఏడాది తర్వాత వేరే పరీక్షల్లో భాగంగా మూత్రం కల్చర్ చేస్తే బ్యాక్టీరియా పెరిగింది. మంట లేదు, జ్వరం లేదు, ఏ ఇబ్బందీ లేదు. యాంటీబయాటిక్ రాయబోతుంటే ఆమే ఆపి, పర్సులోంచి కార్డు తీసి చూపించారు. అందులో ఇలా ఉంటుంది: సి. డిఫిసిల్ తిరగబెట్టిన చరిత్ర ఉంది. క్లిండమైసిన్, ఫ్లోరోక్వినలోన్లు, మూడో తరం సెఫలోస్పోరిన్లు అనే యాంటీబయాటిక్ రకాలు వీలైనంతవరకు వద్దు. యాంటీబయాటిక్ తప్పనిసరైతే గ్యాస్ట్రో విభాగాన్ని అడగండి. గట్టి మలం మీద సి. డిఫిసిల్ పరీక్ష చేయొద్దు. లక్షణాల్లేని మూత్రపు బ్యాక్టీరియాకు ఆమె వయసులో చికిత్స అక్కర్లేదు. యాంటీబయాటిక్ చీటీ రాయకుండానే ఆమెను పంపించారు. గ్యాస్ట్రో విభాగంలో ఇప్పుడు సి. డిఫిసిల్ నుంచి కోలుకున్న ప్రతి రోగికీ అలాంటి కార్డే ఇచ్చి పంపుతున్నారు.